పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు: యుద్ధకాలపు జీపు, సైనిక ట్రక్కు, రెప్లికా స్పోర్ట్స్ కారు

ఈ నెల మాకు చేరిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఉభయ గోదావరి జిల్లాల డెల్టా ప్రాంతం నుంచి వచ్చినవే. వాటిలో సగానికి పైగా పాత బండ్ల గురించి, పాత బండ్లలా కట్టిన కొత్త బండ్ల గురించి అడిగినవే కనుక, ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా తాతగారు 1950లలో మద్రాసులో మిలిటరీ డిస్పోజల్స్ వేలంలో కొన్నారని చెప్పే జీపు ఒకటి మా ధాన్యపు గోదాములో ఉంది. అది రెండో ప్రపంచయుద్ధం నాటి విల్లీస్ అని మా పెద్దలు, కాదు మహీంద్రా అని మెకానిక్కు అంటున్నారు. మధ్యలో ఎప్పుడో డీజిల్ ఇంజను కూడా వేయించారు. నిజం ఎలా తేల్చుకోవాలి? – రాజమహేంద్రవరం పాఠకుడు

జవాబు: ముందుగా బాడీని, బానెట్ మీద రాసిన అక్షరాలను చూసి ఒక నిర్ణయానికి రాకండి. ఈ జీపుల బాడీలు ఫిలిప్పీన్స్‌లో ఈనాటికీ కొత్తవి తయారవుతున్నాయి. మన దగ్గరి షెడ్లలోనూ తుప్పుపట్టిన బాడీని విప్పేసి కొత్త రేకుతో కట్టినవి ఎన్నో ఉన్నాయి. బాడీ మారుతుంది, ఇంజను మారుతుంది. ఛాసిస్ మాత్రం అంత తేలికగా మారదు. కాబట్టి జీపు ముందు కూర్చుని, గ్రిల్ కింద నుంచి టార్చిలైటు వేసి చూడండి. రేడియేటర్‌కు దిగువన, ఛాసిస్ కుడి ఎడమ పట్టాలను కలుపుతూ ఒక అడ్డకమ్మీ కనిపిస్తుంది. అది గుండ్రటి గొట్టమైతే మీ బండి విల్లీస్ కంపెనీ చేసిన ఎంబీ రకానిది. గొట్టానికి బదులు బోర్లించిన యు ఆకారపు మడత కమ్మీ ఉంటే, అదే నమూనాను అదే కాలంలో ఫోర్డ్ కంపెనీ చేసిన జీపీడబ్ల్యూ రకానిది. యుద్ధకాలంలో, అంటే 1941 నుంచి 1945 వరకు, ఈ రెండు కంపెనీలూ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులను తయారు చేశాయి. పైకి అవి కవలల్లా ఉన్నప్పటికీ ఈ అడ్డకమ్మీ ఒక్కటే వాటిని విడదీసి చూపుతుంది. ఫోర్డ్ బండి అయితే, మడ్డి తుడిచి చూస్తే చాలా బోల్టుల తలల మీద, బ్రాకెట్ల మీద చిన్న ఎఫ్ అక్షరం అచ్చుపడి ఉంటుంది.

మీ మెకానిక్కు మాటనూ తోసిపుచ్చకూడదు కనుక మిగిలిన గుర్తులు కూడా చూడండి. యుద్ధకాలపు జీపు గ్రిల్‌కు తొమ్మిది నిలువు గాడులు ఉంటాయి. యుద్ధం తరువాత పౌరుల కోసం చేసిన సీజే రకాలకు ఏడు ఉంటాయి. సైనిక జీపు హెడ్‌లైట్లు చిన్నవి, గ్రిల్‌కు కాస్త లోపలికి ఉంటాయి. బానెట్ ఎత్తి, రెక్కల నట్టు వదులు చేస్తే లైటు కీలు మీద వెనక్కి తిరిగి ఇంజను మీద వెలుగు పడేలా ఏర్పాటు ఉంటుంది. చీకట్లో రిపేరు చేసుకోవలసిన సైనికుడి కోసం చేసిన ఈ ఏర్పాటు సీజే జీపులలో లేదు. పెట్రోలు పోసే మూత సైనిక జీపులో డ్రైవరు సీటు పరుపు ఎత్తితే కనిపిస్తుంది, సీజేలో బయటి పక్కన ఉంటుంది. సైనిక జీపుకు వెనుక తలుపు లేదు. వెనుక రెండు మూలలా చక్రాల పైన మూతలున్న పనిముట్ల అరలు ఉంటాయి. స్టీరింగ్ మొదట ఎడమవైపు ఉండేది. వీటికి భిన్నంగా బానెట్ బాగా ఎత్తుగా ఉండి, గ్రిల్‌కు ఏడు గాడులు ఉంటే అది మహీంద్రా దశాబ్దాల పాటు మన దేశంలో చేసిన సీజే-3బీ రకం అయివుండవచ్చు. వాల్వులు కొంత పైకి వచ్చిన ఆ ఇంజను ఎత్తు వల్లనే ఆ బానెట్‌ను పెంచవలసి వచ్చింది.

ఏది తేలినా మీ తాతగారి బండి విలువ తగ్గదు. సీజే-3బీ అని తేలితే, దానికి తొమ్మిది గాడుల గ్రిల్ బిగించి, పక్కన తెల్ల నక్షత్రం వేయించి యుద్ధంలో పాల్గొన్న బండిగా చెప్పుకోవద్దని మాత్రం గట్టిగా కోరుతున్నాను. మన పొలాల గట్ల మీద, ఏటిగట్ల మీద, ఎన్నికల ప్రచారాలలో, పెళ్ళి ఊరేగింపులలో తిరిగిన మహీంద్రా జీపుకు దాని చరిత్ర దానికి ఉంది. దాన్ని చెరిపి వేరొక చరిత్రను అంటించడం వల్ల మీ పిల్లలకు అసలు కథ దక్కకుండా పోతుంది.

ఇక కాగితాల సంగతి. 2021 జూలైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ చేసిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటిన సొంత వాడకపు ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేయించుకోవచ్చు. రాష్ట్ర అక్షరాల తరువాత వీఏ అనే అక్షరాలు వచ్చే నంబరు ఇస్తారు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు. అలా నమోదైన బండిని ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, ఇంధనం పోయించుకోవడానికి, రిపేర్లకు రోడ్డెక్కించవచ్చు గాని రోజువారీ పనులకు వాడకూడదు. ఛాసిస్‌లో, బాడీలో, ఇంజనులో పెద్ద మార్పులు చేసిన బండి ఈ నిర్వచనంలోకి రాదు. అందువల్ల మీ డీజిల్ ఇంజను ఇక్కడ అడ్డుపడుతుంది. మొదటి పెట్రోలు ఇంజను, అంటే 2.2 లీటర్ల నాలుగు సిలిండర్లది, ఇంట్లో ఏ మూలనైనా పడి ఉందేమో వెతకండి. పాత ఇనుముకు అమ్మేయకుండా ఉండి ఉంటే అది ఈ రోజు మీకు బాడీకంటే విలువైన వస్తువు.

ప్రశ్న: మా మహీంద్రా జీపుకు మిలిటరీ పచ్చరంగు వేయిస్తే పోలీసులు ఆపుతారని అంటున్నారు. నిజమేనా? – కాకినాడ పాఠకుడు

జవాబు: నిజమే. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 121వది రక్షణ శాఖకు చెందిన వాహనాలకు తప్ప మరే వాహనానికీ ఆలివ్ గ్రీన్ రంగు వేయరాదని స్పష్టంగా చెబుతోంది. సైన్యం నుంచి పదవీ విరమణ చేసిన వారి బండికైనా ఇదే నియమం. ముదురు ఆకుపచ్చలో, ఖాకీలో, ఇసుక రంగులో ఎన్నో ఛాయలు ఉన్నాయి. వాటిలో ఒకటి ఎంచుకుని, రంగు మార్పును ఆర్సీలో నమోదు చేయించుకోండి.

ప్రశ్న: మాకు రొయ్యల చెరువులు ఉన్నాయి. సైన్యం వేలం వేసే శక్తిమాన్ ట్రక్కు గాని, స్టాలియన్ ట్రక్కు గాని కొంటే వానాకాలంలో గట్ల మీద మేత బస్తాలు తోలుకోవడానికి, వరద వచ్చినప్పుడు లంక గ్రామాల బంధువులను తీసుకురావడానికి పనికివస్తుందని ఆలోచన. మీ సలహా ఏమిటి? – భీమవరం పాఠకుడు

జవాబు: మేత బస్తాల కోసమైతే కొనవద్దు. బండి మీద ప్రేమతో అయితే తప్పక ఆలోచించండి. ఈ రెండింటినీ కలపడం వల్లనే చాలామంది నష్టపోతున్నారు.

శక్తిమాన్ మన దేశపు సైనిక రవాణాకు మూలస్తంభం. పశ్చిమ జర్మనీకి చెందిన మాన్ కంపెనీ లైసెన్సుతో జబల్‌పూర్‌లోని గన్ క్యారేజ్ ఫ్యాక్టరీలో 1959లో దీని తయారీ మొదలైంది. తరువాత అదే ఊరిలో ప్రత్యేకంగా నెలకొల్పిన వెహికల్ ఫ్యాక్టరీకి ఆ పని మారి, 1990ల దాకా సాగింది. దాని స్థానంలో అశోక్ లేలాండ్ స్టాలియన్, టాటా ఎల్‌పీటీఏ వచ్చాయి. శక్తిమాన్ ఇంజనులో ఒక విశేషం ఉంది. మామూలు డీజిల్ ఇంజనులో ఇంధనాన్ని వేడిగాలిలోకి మంచులా చిమ్ముతారు. మాన్ ఇంజనీర్లు పిస్టన్ తలలో గుండ్రటి గుంట చేసి, ఇంధనాన్ని ఆ గుంట గోడ మీద పలుచని పొరలా పడేలా చేశారు. ఆ పొర క్రమంగా ఆవిరై మండడం వల్ల ఇంజను చప్పుడు తగ్గింది, ఒకటికి మించిన రకాల ఇంధనంతో నడిచే వీలూ కలిగింది. యుద్ధరంగంలో ఏ ఇంధనం దొరుకుతుందో తెలియని సైన్యానికి అది ఎంత అవసరమో చెప్పనక్కరలేదు.

అయితే ఈ గొప్పదనం మీ గట్ల మీద పనికిరాదు. చెరువు గట్టు రోడ్డు కాదు. తవ్విన మట్టిని పోసి అణచినది. ఖాళీగా ఉన్నప్పుడే అనేక టన్నులు తూగే బండి తడిసిన గట్టు అంచుకు రెండడుగుల దూరంలో వెళ్తే, గట్టు బండితో సహా చెరువులోకి జారుతుంది. నాలుగు చక్రాలకూ శక్తి అందడం బండిని బురదలో ముందుకు లాగుతుంది గాని, కింద జారే నేలను ఆపలేదు. టైర్ల సంగతి కూడా చూడండి. చాలా సైనిక ట్రక్కులకు వెనుక జంట టైర్ల బదులు ఒక్కొక్క టైరే ఉంటుంది. ముందు చక్రాలు తొక్కిన జాడలోనే వెనుక చక్రాలు నడిచి ఇసుకలో శ్రమ తగ్గుతుంది. కాని పాత సైనిక టైర్ల మీద ఉండే అడ్డగాడులు, అంటే ముందుకూ వెనక్కూ ఒకేలా ఉండేవి, మన నల్లరేగడిలో పది గజాలకే నిండిపోతాయి. ఆ తరువాత అవి గాడులు లేని నున్నటి టైర్లతో సమానం. ఈ పనికి మీ ఊళ్ళో ఉన్న ట్రాక్టరే మేలు.

వరద విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను గోదావరి లంకలను ముంచిన తీరు చూసినవారికి ఆ నీటి వేగం తెలుసు. ట్రక్కు ఎత్తు చూసి నిలిచిన నీటిలో నమ్మకంగా వెళ్ళవచ్చునేమో గాని, పారే నీరు బండిని పక్కనుంచి నెడుతుంది, కింద రోడ్డు కోసుకుపోయిందో లేదో పైకి కనిపించదు. అక్కడ పడవే సరైన సాధనం. ఈ సందర్భంలో ఒక మాట: యుద్ధకాలంలో అమెరికాకు చెందిన జీఎంసీ కంపెనీ తన ఆరు చక్రాల ట్రక్కునే పడవగా మార్చి డీయూకేడబ్ల్యూ అనే వాహనాన్ని చేసింది. 21,000కు పైగా తయారయ్యాయి. నీటిలో ప్రొపెల్లర్‌తో నడిచి, ఒడ్డు చేరగానే చక్రాల మీద పాకే ఆ బండిలో డ్రైవరు సీటులో కూర్చునే టైర్ల గాలిని తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. మెత్తటి ఇసుకలోకి ఎక్కగానే గాలి తగ్గిస్తే టైరు వెడల్పుగా పరుచుకుని కూరుకుపోకుండా నిలుస్తుంది. లంకల అంచుల ఇసుక తెలిసినవారు ఆ ఆలోచనను మెచ్చుకోకుండా ఉండలేరు.

ఇన్ని చెప్పినా మీకు ఆ ట్రక్కు మీద మనసు నిలిచే ఉంటే, ముందు లాటు షరతులు చదవండి. సైన్యం పక్కన పెట్టిన వాహనాలు ప్రభుత్వ రంగ సంస్థ ఎంఎస్‌టీసీ నడిపే ఈ-వేలంలో అమ్ముడవుతుంటాయి. వాటిలో తుక్కుగా విరిచివేసేందుకు మాత్రమే ఇచ్చేవి ఉంటాయి. అలాంటి దానికి ఎన్ని మరమ్మతులు చేసినా నంబరు రాదు. సైన్యంలో ఉన్నంత కాలం బాణం గుర్తుతో మొదలయ్యే నంబరు ఉంటుంది. ఆ బాణం పక్కని రెండంకెలు అది సైన్యంలో చేరిన సంవత్సరాన్ని తెలుపుతాయి. రక్షణ వాడకం నుంచి తొలగిన తరువాత మోటారు వాహనాల చట్టం 60వ సెక్షను ప్రకారం మామూలు బండిలాగే రవాణా శాఖ వద్ద రిజిస్ట్రేషన్ చేయించాలి. కాబట్టి డబ్బు కట్టే ముందే మీ జిల్లా రవాణా కార్యాలయంలో ఆ ఏడాది బండికి, ఆ రకం ఇంజనుకు నంబరు ఇస్తారా అని రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. “తరువాత చూసుకుందాం లెండి” అనే మధ్యవర్తి మాట మీద లక్షలు పెట్టకండి.

ప్రశ్న: మా బంధువులు ఫైబర్ పడవలు కడతారు. వాళ్ళ సాయంతో కోబ్రా స్పోర్ట్స్ కారు రెప్లికా బాడీ పోసి, పాత కారు ఇంజను వేసి నడపాలని నా కోరిక. సాధ్యమేనా? – అమలాపురం పాఠకుడు

జవాబు: కట్టడం సాధ్యమే. రోడ్డు మీద నడపడం దాదాపు అసాధ్యం. ఈ తేడాను ముందే మనసులో పెట్టుకుని మొదలుపెడితే మీ శ్రమ వృథా కాదు.

ప్రపంచంలో అత్యధికంగా నకళ్ళు వచ్చిన స్పోర్ట్స్ కారు బహుశా కోబ్రాయే. ఇంగ్లండులో ఏసీ అనే చిన్న కంపెనీ చేస్తున్న తేలికైన ఏస్ కారులో అమెరికాకు చెందిన ఫోర్డ్ వీ8 ఇంజనును పెట్టాలన్నది కారోల్ షెల్బీ ఆలోచన. 1959లో ఫ్రాన్సులోని లమాన్ 24 గంటల కార్ల పందెం గెలిచిన డ్రైవరాయన. 1962లో మొదటి బండి 4.2 లీటర్ల ఇంజనుతో వచ్చింది, తరువాత 4.7 లీటర్లు, చివరికి 7 లీటర్లు. 7 లీటర్ల రకానికి పాత ఛాసిస్ చాలక, మూడంగుళాల గొట్టాలకు బదులు నాలుగంగుళాల గొట్టాలు వేసి, పట్టీల స్ప్రింగులు తీసి చుట్టల స్ప్రింగులు పెట్టారు. మొత్తం మీద అసలు బండ్లు వెయ్యి ప్రాంతంలోనే తయారయ్యాయి. కోరుకునేవారు లక్షల్లో, బండ్లు వెయ్యి కావడంతో రెప్లికాలు పుట్టాయి. నిచ్చెనలాంటి తేలిక ఛాసిస్, తలుపులు తప్ప పెద్దగా కదిలే భాగాలు లేని బాడీ కావడం వల్ల నకలు తీయడానికి అది అనువైన కారు కూడా.

బ్రిటన్‌లో ఇలా సొంతంగా కట్టిన కారును ప్రభుత్వ పరీక్షకేంద్రంలో ఒక్కొక్క బండిగా పరీక్షించి రోడ్డుకు అనుమతిస్తారు. అందుకే అక్కడ పాత జాగ్వార్ ఎక్స్‌జే కార్ల యాక్సిళ్ళు తీసి కోబ్రాలు కట్టే సంప్రదాయం వేళ్ళూనుకుంది. వేర్వేరు బండ్ల భాగాలతో కట్టి, వయసు తేల్చలేని వాటికి క్యూ అక్షరంతో నంబరు ఇస్తారు. చూడగానే ఎవరికైనా అది కట్టిన బండి అని తెలుస్తుంది. దాన్ని నేను మంచి పద్ధతిగా భావిస్తాను. మన దేశంలో అలాంటి దారి సామాన్యుడికి లేదు. కొత్త నమూనా ఏదైనా తయారీదారు గుర్తింపు పొందిన పరీక్షా సంస్థలో నెగ్గించాలి. పాత కారు ఆర్సీని పట్టుకుని, దాని బాడీని మార్చేసి నడుపుదామంటే చట్టంలోని 52వ సెక్షను అడ్డు వస్తుంది: తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టం ప్రకారం అనుమతి లేని ప్రతి మార్పుకూ 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ మొదట పట్టుకునేది కూడా ఈ మార్పునే.

సొంత తోటలో, ప్రైవేటు స్థలంలో, అనుమతి ఉన్న ట్రాక్ మీద, ప్రదర్శనలో పెట్టేందుకు కడతానంటే మాత్రం మీకు గొప్ప వసతి ఉంది. ఫైబర్ పని తెలిసిన చేతులు దొరకడమే రెప్లికా కట్టేవారికి పెద్ద సమస్య. మీకు అవి ఇంట్లోనే ఉన్నాయి. పడవకూ కారుకూ తేడా ఒకటే. పడవ పక్కన చిన్న అల పొంగు ఉన్నా నీటికి పట్టదు, కారు తలుపు మీద ఎండ పడితే అర మిల్లీమీటరు ఎత్తుపల్లం కూడా కనిపిస్తుంది. కాబట్టి సమయమంతా అచ్చు మీద పెట్టండి. అచ్చును నీళ్ళకాగితంతో రుద్ది, మైనం పట్టించి, ట్యూబులైటు ప్రతిబింబం వంకర లేకుండా కనిపించేదాకా వదలవద్దు. మొదట నున్నటి పైపొరగా నిలిచే జెల్‌కోట్, అది చేతికి అంటుకునీ అంటుకోని స్థితికి రాగానే పలుచని ఫైబర్ మ్యాట్, ఆ తరువాతే మందపాటి మ్యాట్ వేసి రోలరుతో గాలిబుడగలు తీయాలి. మే నెల మధ్యాహ్నం రెజిన్ చెప్పిన సమయానికంటే ముందే గట్టిపడుతుంది; హార్డెనర్ కొలత తగ్గించి తెల్లవారుజామున పని చేయించండి. గాలిలో తడి ఎక్కువగా ఉండే వానాకాలంలో జెల్‌కోట్ అసలు పోయవద్దు. బాడీ ఎంత నున్నగా వచ్చినా ఛాసిస్ వెల్డింగ్‌ను మాత్రం గేట్లు, గ్రిల్స్ చేసే చోట చేయించకండి. ట్రాక్ మీద మీ ప్రాణం దాని మీదే ఉంటుంది.

ప్రశ్న: రెప్లికా అంటే నకిలీయే కదా! నకిలీ నోటును, నకిలీ విత్తనాన్ని తప్పు అంటాము, నకిలీ కారును మాత్రం మీరు ఎందుకు మెచ్చుకుంటారు? – పాలకొల్లు పాఠకురాలు

జవాబు: మీ ప్రశ్న న్యాయమైనది. నకిలీ నోటు తాను నకిలీనని చెప్పదు. రెప్లికా చెబుతుంది; చెప్పనంతవరకే అది తప్పు. కాగితాల మీద, ఛాసిస్ ప్లేటు మీద, అమ్మేటప్పుడు కొనేవాడితో “ఇది ఫలానా ఏడాది ఫలానా షెడ్డులో కట్టినది” అని చెప్పిన బండిని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. ఆలయంలో మూలవిరాట్టును కదపరు కనుక ఊరేగింపుకు ఉత్సవమూర్తి ఉంటుంది. అది మోసమని ఎవరూ అనరు. ఫెరారీ 250 జీటీవో ప్రపంచంలో 36 మాత్రమే తయారయ్యాయి. దాని రూపాన్ని, చప్పుడును ఒక తరం కళ్ళారా, చెవులారా తెలుసుకోవాలంటే రెప్లికాలు తోడ్పడతాయి.

అసలు అన్న మాట కూడా అనుకున్నంత తేలిక కాదు. 1929లోను, 1930లోను లమాన్ గెలిచిన బెంట్లీ స్పీడ్ సిక్స్ ఒకటి ‘ఓల్డ్ నంబర్ వన్’ పేరుతో ప్రసిద్ధం. పందెం బండి కనుక ఏటేటా దాని భాగాలు మారాయి. 1932లో ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద ఘోర ప్రమాదానికి గురై, తరువాత వేరే బాడీతో తిరిగి వచ్చింది. కోటి పౌండ్లకు బేరం కుదిరాక, ఇందులో ఆనాటి ఇనుము ఎంత మిగిలిందని కొనేవారు వెనక్కి తగ్గారు. వ్యవహారం లండన్ హైకోర్టుకు చేరింది. మొదటి పందెం నాటి భాగాలు చాలా కొద్దిగానే మిగిలినా, ఆ బండి చరిత్ర ఎక్కడా తెగకుండా ఒక్క గొలుసుగా సాగిందని, దాని స్థానం కోరే మరో బండి లేదని న్యాయమూర్తి 1990లో అమ్మినవారి పక్షాన తీర్పు చెప్పారు. దాన్ని చదివినప్పుడల్లా నాకు రికార్డుల విలువ తెలిసివస్తుంది. ఏ ఏడు ఏ భాగం ఎందుకు మార్చారో రాసిపెట్టుకున్నందువల్లే ఆ బండి నిలిచింది.

కంపెనీలు కూడా ఈ దారిలోకి వచ్చాయి. 1960లలో జాగ్వార్ తన తేలికైన ఈ-టైప్‌లను 18 కట్టాలనుకుని 12తో ఆపింది; మిగిలిన ఆరు ఛాసిస్ నంబర్లకు సుమారు యాభై ఏళ్ళ తరువాత, 2014లో పని ప్రారంభించి బండ్లు కట్టింది. వాటిని ఎవరూ 1963 నాటివని చెప్పడం లేదు. నాకు అభ్యంతరం లేకపోవడానికి కారణం అదే.

ప్రశ్న: బంకులో ఇప్పుడు వచ్చే ఇథనాల్ కలిపిన పెట్రోలు మా 1962 జీపు కార్బురేటర్‌ను పాడుచేస్తుందా? – తణుకు పాఠకుడు

జవాబు: పాడుచేసేది ముఖ్యంగా రబ్బరును, ట్యాంకును. 20 శాతం ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను, పెట్రోలు పంపులోని పొరను మెత్తబరిచి పగులగొడుతుంది. ఇంధనానికి తట్టుకునే ఫ్లోరో రబ్బరుతో చేసిన గొట్టాలు, పొర వేయించండి. ఖర్చు తక్కువ, మేలు ఎక్కువ. రెండోది తేమ. ఇథనాల్ గాలిలోని తడిని పీల్చుకుంటుంది. తడి మోతాదు మించితే నీరు, ఇథనాల్ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. కాలువల మధ్య ఉండే మన ఊళ్ళలో వానాకాలం అంతా నిలబెట్టిన జీపుకు ఈ ప్రమాదం ఎక్కువ. నెలలకొద్దీ కదలని బండి అయితే ట్యాంకును, కార్బురేటర్ గిన్నెను ఖాళీ చేసి పెట్టండి. ఇంజను వేడెక్కుతూ, యాక్సిలరేటర్ నొక్కగానే తడబడుతూ ఉంటే మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గినట్లు. కార్బురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే రంధ్రం, అంటే మెయిన్ జెట్, ఒక మెట్టు పెద్దది వేయిస్తే సర్దుకుంటుంది. లీటరుకు వచ్చే దూరం కొంత తగ్గడం ఇథనాల్ స్వభావమే గాని మీ ఇంజను లోపం కాదు.

ప్రశ్న: నేను ఇంజనీరింగు విద్యార్థిని. విదేశాలలో పాత రేసు కార్లతో పందేలు జరుగుతాయని చదివాను. కోట్ల విలువైన ఆ కార్లను నిజంగా వేగంగా నడుపుతారా? రెప్లికాలను అనుమతిస్తారా? మన దేశంలో ఇలాంటిది ఉందా? – నరసాపురం విద్యార్థి

జవాబు: నిజంగానే నడుపుతారు, ఢీకొంటారు, మళ్ళీ బాగుచేసి మరుసటి ఏడు తెస్తారు. ఇంగ్లండులోని గుడ్‌వుడ్ ఇందుకు పేరెన్నికగన్నది. యుద్ధకాలపు విమాన స్థావరం చుట్టూ ఉన్న దారినే ట్రాక్‌గా మార్చి 1948 సెప్టెంబర్ 18న అక్కడ మొదటి పందెం పెట్టారు. కార్ల వేగం ట్రాక్ భద్రతను మించిపోవడంతో 1966లో ఆపేశారు. సరిగ్గా 50 ఏళ్ళకు, 1998 సెప్టెంబర్ 18న, అదే ట్రాక్‌ను పాత రూపంలోనే తెరిచి, అక్కడ పందేలు జరిగిన 1948–66 నాటి రకాల కార్లకే పరిమితం చేస్తూ రివైవల్ మొదలుపెట్టారు. అమెరికాలో లగూనా సెకా ట్రాక్ మీద 1974 నుంచి, ఫ్రాన్సులో లమాన్ క్లాసిక్ పేరుతో 2002 నుంచి ఇలాంటివి జరుగుతున్నాయి.

ఇటలీలోని మిలే మీలియా మాత్రం వేరు. బ్రెషియా నుంచి రోముకు వెళ్ళి తిరిగి వచ్చే 1,600 కిలోమీటర్ల మామూలు రోడ్ల మీద 1927 నుంచి 1957 వరకు సాగిన పందెం అది. 1955లో స్టిర్లింగ్ మాస్ 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో దాన్ని పూర్తి చేశాడు; సగటు వేగం గంటకు 157 కిలోమీటర్లు. పక్క సీటులో కూర్చున్న పాత్రికేయుడు డెనిస్ జెంకిన్సన్ ప్రతి మలుపునూ ముందే రాసుకున్న పొడవైన కాగితపు చుట్టను ఒక పెట్టెలో తిప్పుతూ, ఇంజను హోరులో మాట వినిపించదు కనుక చేతి సైగలతో దారి చెప్పాడు. 1957లో డ్రైవర్లతో పాటు ప్రేక్షకులను, వారిలో పిల్లలను కూడా బలిగొన్న ప్రమాదంతో ఆ పందెం ఆగిపోయింది. 1977లో తిరిగి వచ్చింది వేగపు పందెంగా కాదు, నిర్ణీత సమయానికి నిర్ణీత దూరం చేరే పరీక్షగా. ఆ నిర్ణయం సరైనదని నా నమ్మకం.

రెప్లికాల విషయంలో అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య ఎఫ్‌ఐఏ పద్ధతి తెలివైనది. పాత కార్ల పందేలలో పాల్గొనే బండికి హిస్టారిక్ టెక్నికల్ పాస్‌పోర్ట్ ఇస్తారు. ఈ బండి కొలతలు, ఇంజను, బ్రేకులు, సస్పెన్షన్ అన్నీ ఆ కాలపు నమూనా ప్రకారం ఉన్నాయని మాత్రమే అది చెబుతుంది. ఈ ఇనుము ఆనాటిదేనని చెప్పదు. అంటే ఆనాటి కొలతలకు తు.చ. తప్పకుండా కట్టిన బండికి తలుపు తెరిచే ఉంది, కాని చరిత్రను మాత్రం వేరే ఆధారాలతో నిరూపించుకోవాలి. ఇంజనీరింగు విద్యార్థిగా మీరు ఆ పాస్‌పోర్టులో ఏమేమి కొలుస్తారో చదివితే సస్పెన్షన్ జ్యామితి ఒక సెమిస్టరు పాఠానికంటే బాగా అర్థమవుతుంది.

మన దేశపు కథ కూడా విమానాల దారి మీదే మొదలైంది. మీరు రావులపాలెం దగ్గర ఎక్కే 16వ నంబరు జాతీయ రహదారి మీదే చెన్నై వైపు వెళ్తే, నగరం రావడానికి కొంచెం ముందు షోలవరం వస్తుంది. అక్కడి యుద్ధకాలపు విమాన స్థావరం మీద 1950లలో పందేలు మొదలయ్యాయి. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాటిని దశాబ్దాల పాటు నడిపింది. ఫియట్లు, అంబాసిడర్లు, స్టాండర్డ్ హెరాల్డ్‌లను విప్పి, బరువు తగ్గించి, కార్బురేటర్లు మార్చి తెచ్చిన షెడ్డు మనుషుల పక్కనే గోండల్ వంటి సంస్థానాల వారి విదేశీ రేసు కార్లు నిలబడేవి. ఎస్. కరివర్ధన్ మారుతి 800 ఇంజనుతో ఒంటి సీటు రేసు కారును రూపొందించి, సామాన్య కుటుంబాల యువకులకు కూడా ఫార్ములా పందెం అందేలా చేశారు. 2005లో మన దేశం నుంచి మొదటిసారి ఫార్ములా వన్ పందెంలో దిగిన నారాయణ్ కార్తికేయన్ తొలి అడుగులు ఆ బండిలోనే పడ్డాయి. కోయంబత్తూరు దగ్గరి ట్రాక్‌కు కరివర్ధన్ పేరే పెట్టారు. షోలవరంలో ఇప్పుడు పందేలు లేవు. చెన్నైకి పడమరగా ఇరుంగాట్టుకోట్టైలో అదే క్లబ్ కట్టిన 3.7 కిలోమీటర్ల ట్రాక్ ఉంది.

మీ చదువు పూర్తయ్యేలోగా ఒకసారి అక్కడికి వెళ్ళండి. ప్రేక్షకుడిగా కాకుండా, పందేలకు మలుపుల దగ్గర జెండాలు పట్టి నిలబడే మార్షల్స్ బృందంలో చేరే అవకాశం ఉందేమో ముందుగా క్లబ్బుకు ఉత్తరం రాసి కనుక్కోండి. కార్లను గ్యాలరీలో నుంచి చూడటానికీ, బ్రేకు వేసే చోట కంచె పక్కన నిలబడి ఏ బండి ముందు చక్రం ఎప్పుడు లాక్ అవుతుందో గమనించడానికీ చాలా తేడా ఉంటుంది. పందెం ముగిశాక పిట్‌లో బానెట్లు ఎత్తి ఉన్నప్పుడు మెకానిక్కులతో మాట్లాడండి. వాళ్ళు పాత ఫియట్ ఇంజను నుంచి ఇంకెంత పిండారో కాగితం మీద గీసి చూపించమని అడిగితే కాదనరు.